పెల్లెట్ సంచి చౌకగా వస్తోందా? కొనేముందు దాని మీద ఈ గుర్తు, ఈ నంబరు ఉన్నాయా చూడండి

జర్మనీలోనో, ఆస్ట్రియాలోనో, ఉత్తర ఇటలీలోనో ఉంటున్న మీవాళ్లతో చలికాలంలో వీడియో కాల్ మాట్లాడినప్పుడు, వెనకాల గోడ పక్కన చిన్న గాజు తలుపు ఉన్న పొయ్యి ఒకటి కనిపించిందా? లోపల మంట, పక్కన ప్లాస్టిక్ సంచుల దొంతర. అదే పెల్లెట్ స్టవ్. ఆ సంచుల్లో ఉండేవి చెక్క పొట్టును ఒత్తి చేసిన గుళికలు. చూడ్డానికి కోళ్ల దాణాలా ఉంటాయి.

ఆ దేశాలకు కొత్తగా వెళ్లి, అలాంటి స్టవ్ ఉన్న ఇంట్లో దిగినవారికి మొదటి చలికాలంలోనే ఒక సందేహం వస్తుంది. సూపర్ మార్కెట్లో ఒక సంచి 5 యూరోలు, పక్కనే ఇంకోటి అయిదున్నర. రెండూ 15 కిలోలే. రెండింటి మీదా పచ్చటి చెట్ల బొమ్మలే. మరి ఆ అర యూరో తేడా దేనికి?

సంచి ధర ఎంత అన్నది రెండో ప్రశ్న. ఆ సంచికి ఎవరు జవాబుదారీ అన్నది మొదటి ప్రశ్న. లోపలి సరుకును ఇంట్లో పరీక్షించి తేల్చుకునే వీలు మీకు దాదాపు లేదు. కాబట్టి దాన్ని తయారుచేసిందెవరో, ఏ ప్రమాణం ప్రకారం తనిఖీ జరిగిందో చెప్పే గుర్తు, నంబరు మాత్రమే మీకు ఆధారం. అవెందుకంత ముఖ్యమో, వాటిని ఎలా చదవాలో చూద్దాం.

అసలు పెల్లెట్ అంటే ఏమిటి?

సామిల్లులో దుంగలు కోసినప్పుడు రంపపు పొట్టు, చెక్క తురుము మిగులుతాయి. వాటిని ఎండబెట్టి, మెత్తగా చేసి, రంధ్రాలున్న ఉక్కు అచ్చులోంచి గట్టిగా ఒత్తితే సన్నటి కడ్డీల్లా బయటికొస్తాయి. ఒత్తిడికి పుట్టే వేడిలో చెక్కలో సహజంగా ఉండే లిగ్నిన్ మెత్తబడి జిగురులా పనిచేస్తుంది. చల్లారాక గట్టిపడుతుంది. కొందరు తయారీదారులు పిండిపదార్థాన్ని కొద్దిగా కలుపుతారు. ప్రమాణాల ప్రకారం ఇలా కలిపేవన్నీ 2 శాతం మించకూడదు.

ఇంటి స్టవ్‌లకు వాడేవి సాధారణంగా 6 మిల్లీమీటర్ల మందం ఉంటాయి. స్టవ్‌లోని చిన్న మోటారు స్క్రూను తిప్పుతూ గుళికలను కొద్దికొద్దిగా మంటలోకి వేస్తుంది. ఎంత వేయాలో, ఎంత గాలి పంపాలో సర్క్యూట్ బోర్డు చూసుకుంటుంది.

మామూలు కట్టెల పొయ్యికి, దీనికి తేడా ఇక్కడే ఉంది. కట్టెల పొయ్యిలో మొద్దు కాస్త పచ్చిగా ఉంటే మీరే ఊది, కదిపి సర్దుకుంటారు. పెల్లెట్ స్టవ్‌కు ఆ తెలివి లేదు. ప్రతి గుళికా ఒకేలా ఉంటుందనుకుని తయారుచేసిన యంత్రం అది. సరుకు మారితే ముందు మంట చెడుతుంది, తర్వాత యంత్రం మొరాయిస్తుంది.

2022లో ఏం జరిగింది?

నాణ్యత గుర్తు విలువ యూరప్‌లో చాలామందికి తెలిసొచ్చింది 2022లోనే. ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలయ్యాక, ఏప్రిల్ 8న యూరోపియన్ యూనియన్ అయిదో విడత ఆంక్షలు ప్రకటించింది. వాటిలో రష్యా కలప కూడా ఉంది. అప్పటికే కుదిరిన ఒప్పందాల సరుకుకు జులై 10 వరకే గడువిచ్చారు. రష్యా, బెలారస్, ఉక్రెయిన్‌ల నుంచి అప్పటిదాకా లక్షల టన్నుల పెల్లెట్లు యూరప్‌కు వచ్చేవి.

అదే సమయంలో గ్యాస్ ధరలు ఆకాశాన్నంటాయి. గ్యాస్ దొరుకుతుందో లేదో అన్న భయంతో జనం పెల్లెట్ల మీద పడ్డారు. చలికాలానికి కొనాల్సింది వేసవిలోనే కొని దాచుకున్నారు. జర్మనీలో అంతకుముందు టన్ను సుమారు 240 యూరోలు ఉండేది. 2022 వేసవి చివరికి 700 యూరోలు దాటింది.

ధర మూడింతలైనప్పుడు రెండు రకాల మోసాలు పుట్టుకొస్తాయి. ఒకటి, ఎక్కడిదో తెలియని సరుకు మంచి సంచిలోకి చేరడం. రెండోది, అసలు సరుకే లేకపోవడం. ఆ ఏడాది జర్మనీలో వినియోగదారుల సంఘాలు ఆన్‌లైన్ నకిలీ దుకాణాల గురించి పదేపదే హెచ్చరించాల్సి వచ్చింది. మార్కెట్ ధరలో సగానికే పెల్లెట్లు, కట్టెలు ఇస్తామంటూ వెబ్‌సైట్ పెడతారు. డబ్బు ముందే బ్యాంకు ఖాతాలో వేయమంటారు. వేశాక లారీ రాదు, వెబ్‌సైట్ కూడా కనిపించదు.

బిల్లు దాచుకున్నవారికే సాయం

ఆ సంక్షోభంలో జర్మనీ ప్రభుత్వం తీసుకున్న ఒక నిర్ణయం గుర్తుంచుకోదగ్గది. గ్యాస్, కరెంటు వాడేవారికి ధరల మీద పరిమితి పెట్టింది. పెల్లెట్లు, ఆయిల్ లాంటివి కొనుక్కునేవారికి అది వర్తించదు. అందుకని 2023లో వారి కోసం విడిగా సాయం పథకం తెచ్చింది.

లెక్క ఇలా ఉంటుంది. పెల్లెట్లకు ప్రామాణిక ధర కిలోకు 24 సెంట్లుగా తీసుకున్నారు. 2022లో మీరు కట్టింది అంతకు రెట్టింపు, అంటే 48 సెంట్లు దాటితే, దాటిన మొత్తంలో 80 శాతం ప్రభుత్వం ఇస్తుంది. ఒక్కో కుటుంబానికి గరిష్ఠంగా 2,000 యూరోలు.

ఉదాహరణకు ఒక కుటుంబం 3 టన్నులు, టన్ను 700 యూరోల చొప్పున కొన్నదనుకుందాం. మొత్తం 2,100 యూరోలు. రెట్టింపు పరిమితి 1,440. దాటింది 660. అందులో 80 శాతం అంటే 528 యూరోలు తిరిగొస్తాయి. అయితే దరఖాస్తుకు బిల్లు కావాలి. పరిచయస్తుడి దగ్గర బిల్లు లేకుండా నగదుకు కొన్నవారు ఎంత నష్టపోయినా చూపించడానికి ఏమీ ఉండదు.

ఆ పథకం గడువు 2023లోనే ముగిసింది. కానీ రేపు మరో సంక్షోభం వచ్చినా ప్రభుత్వం అడిగే మొదటి కాగితం అదే అవుతుంది. పెల్లెట్ బిల్లును కరెంటు బిల్లులాగే ఫైల్లో పెట్టుకోండి.

సంచి మీద ఏం చూడాలి?

పెల్లెట్లకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 17225-2. ఇందులో ఇళ్లకు, చిన్న భవనాలకు ఏ1, ఏ2, బి అని మూడు తరగతులున్నాయి. ఇంటి స్టవ్‌కు మీరు వెతకాల్సింది ఏ1. చాలా కంపెనీల స్టవ్ మాన్యువల్‌లో ఏ1 మాత్రమే వాడమని రాసి ఉంటుంది. వేరేది వాడి స్టవ్ పాడైతే వారంటీ దగ్గర పేచీ రావచ్చు.

ఈ ప్రమాణం ఆధారంగా యూరప్‌లో ఎక్కువగా కనిపించే గుర్తులు రెండు. ఈఎన్‌ప్లస్, డిన్‌ప్లస్. ఈఎన్‌ప్లస్ 2010లో జర్మనీలో మొదలై ఇతర దేశాలకు విస్తరించింది. ఈ గుర్తు కింద దేశాన్ని సూచించే రెండు అక్షరాలు, వాటి పక్కన అంకెలు ఉంటాయి. తయారీదారుకైనా, అమ్మకందారుకైనా ఈ నంబరు విడిగా ఇస్తారు. ఈఎన్‌ప్లస్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు వెతికితే అది ఏ కంపెనీదో, సర్టిఫికెట్ అమల్లో ఉందో లేదో తెలుస్తుంది. గుర్తును అక్రమంగా వాడినవారి జాబితా కూడా అక్కడే ఉంటుంది. దుకాణంలో నిలబడి ఫోన్‌లో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

నంబరు లేకుండా గుర్తు ఒక్కటే ఉంటే అనుమానించండి. "ఈఎన్‌ప్లస్ నాణ్యతతో సమానం", "ఏ1 రకం లాంటిది" అని రాసి ఉంటే అది సర్టిఫికెట్ కాదు, ప్రకటన మాత్రమే.

ఏ1 గుర్తు వెనకున్న అంకెలకు అర్థం ఏమిటంటే:

• తేమ: 10 శాతం మించకూడదు. తేమ ఎక్కువైతే వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది.

• బూడిద: 0.7 శాతం మించకూడదు. ఏ2లో 1.2 శాతం, బి తరగతిలో 2 శాతం దాకా ఉండొచ్చు.

• వేడి: కిలోకు కనీసం 4.6 కిలోవాట్ అవర్లు. మనం కరెంటు బిల్లులో చూసే యూనిట్ ఇదే. అంటే 15 కిలోల సంచిలో కనీసం 69 యూనిట్ల వేడి. స్థూలంగా 2 కిలోల పెల్లెట్లు ఒక లీటరు హీటింగ్ ఆయిల్‌తో సమానం.

• గట్టిదనం: గుళికలను డబ్బాలో వేసి దొర్లించినా కనీసం 98 శాతం విరగకుండా నిలవాలి. ఇది ఈఎన్‌ప్లస్ పరిమితి.

• పొడి: చిన్న సంచిలో అర శాతం మించకూడదు. పొడి ఎక్కువైతే స్క్రూ దగ్గర పేరుకుపోతుంది, మంట ఎగిసి పడుతుంది.

• పొడవు: 40 మిల్లీమీటర్లు దాటకూడదు. పొడవాటివి అడ్డం పడి దారి మూసేస్తాయి.

• బూడిద కరిగే వేడి: ఈఎన్‌ప్లస్ ఏ1లో 1,200 డిగ్రీల సెల్సియస్ దాకా బూడిద మెత్తబడకూడదు. మట్టి, ఇసుక, బెరడు కలిసిన సరుకులో బూడిద ముందే కరిగి, కమ్మరి కొలిమిలో చిట్టెం కట్టినట్టు మంట గిన్నెలో గడ్డకడుతుంది. దాంతో గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.

వీటితోపాటు క్లోరిన్, గంధకం, భారలోహాలకూ పరిమితులున్నాయి. రంగు వేసిన తలుపులు, జిగురు పట్టిన ప్లైవుడ్ ముక్కలు పొట్టులో కలిశాయో లేదో తెలిసేది ఈ పరీక్షల్లోనే. ఏ1లో రసాయనాలు తగలని చెక్కనే వాడాలి.

చౌక సంచి నిజంగా చౌకేనా?

లెక్క వేద్దాం. ఒక చలికాలానికి 100 సంచులు, అంటే 1,500 కిలోలు కాలుస్తారనుకుందాం. అయిదున్నర బదులు 5 యూరోల సంచి కొంటే 50 యూరోలు మిగులుతాయి.

ఇప్పుడు తేమ చూడండి. మంచి సంచిలో 8 శాతం, చౌక సంచిలో 14 శాతం ఉందనుకుందాం. మొదటిదాంట్లో 1.2 కిలోలు, రెండోదాంట్లో 2.1 కిలోలు నీళ్లే. వేడి లెక్కలో మొదటి సంచి సుమారు 71 యూనిట్లు, రెండోది 66 యూనిట్లు ఇస్తుంది. వంద సంచులకు 500 యూనిట్ల తేడా. దాన్ని పూడ్చుకోవాలంటే ఇంకో ఏడెనిమిది సంచులు కొనాలి. అంటే దాదాపు 40 యూరోలు. మిగిలిన యాభైలో చేతికొచ్చేది పది.

బూడిద సంగతీ అంతే. 1,500 కిలోలు కాలిస్తే ఏ1లో గరిష్ఠంగా పదిన్నర కిలోల బూడిద వస్తుంది. 2 శాతం బూడిద ఉన్న సరుకైతే 30 కిలోలు. గిన్నె మూడింతలు ఎక్కువసార్లు శుభ్రం చేయాలి. గాజు తలుపు త్వరగా నల్లబడుతుంది. స్క్రూ ఇరుక్కుపోయి ఒక్కసారి టెక్నీషియన్‌ను పిలిస్తే ఆ పది యూరోలే కాదు, ఇంకా చాలా చేతి నుంచి పెట్టుకోవాలి. అదీ బయట మైనస్ ఉష్ణోగ్రతలో, ఆయన వచ్చేదాకా చలిలో కూర్చుని.

చౌకగా వచ్చే ప్రతి సంచీ చెడ్డదని కాదు. నంబరు ఉన్న ఏ1 సంచుల మధ్య కూడా ధరలో తేడాలుంటాయి. వాటిలో తక్కువ ధరది నిశ్చింతగా కొనండి. గుర్తు లేని సంచిని ధర చూసి కొనడం దగ్గరే అసలు సమస్య.

ఇంట్లో చేయగలిగిన పరీక్షలు

గుర్తు, నంబరు సరిగానే ఉన్నా ఒక సంచి ముందు తెచ్చి చూడటం మంచిది. నచ్చితే అప్పుడు పెద్ద మొత్తంలో కొనొచ్చు.

సంచి అడుగు చూడండి. పారదర్శకమైన సంచి అయితే అడుగున ఎంత పొడి చేరిందో కనిపిస్తుంది. గుప్పెడు పొడికి భయపడక్కర్లేదు. రెండు మూడు వేళ్ల మందాన పేరుకుంటే వదిలేయండి.

గ్లాసు నీళ్లలో నాలుగైదు గుళికలు వేయండి. బాగా ఒత్తినవి మునుగుతాయి. తేలితే సరిగా ఒత్తలేదన్నమాట. కాసేపటికి అవి ఉబ్బి పొట్టుగా విడిపోవడం మాత్రం సహజమే.

వాసన చూడండి. తాజా చెక్క వాసన రావాలి. రంగు, జిగురు, రసాయనాల వాసన వస్తే వాడొద్దు.

కొత్త సంచి పోసిన రెండు రోజులూ మంటను గమనించండి. గిన్నెలో గడ్డలు కడుతున్నాయా, గాజు మునుపటికన్నా త్వరగా నల్లబడుతోందా? రెండు రోజుల తర్వాత వచ్చే బూడిదే అసలు రిపోర్టు.

రంగు చూసి మాత్రం నిర్ణయించకండి. లేత రంగువి మంచివి, ముదురు రంగువి చెడ్డవి అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. చెట్టు రకాన్ని బట్టి, ఎండబెట్టిన తీరును బట్టి రంగు మారుతుంది.

అలాగే మన అనుభవంలోని ఒక నమ్మకం ఇక్కడ పనికిరాదు. తుమ్మ కట్టె నిలకడగా మండుతుంది, మెత్తటి కట్టె గబగబా కాలిపోతుంది అని మనకు తెలుసు. కట్టెల విషయంలో అది నిజమే. కానీ పెల్లెట్‌లో ఏ చెట్టు పొట్టునైనా దాదాపు ఒకే గట్టిదనానికి ఒత్తేస్తారు. అందుకే పైన్, స్ప్రూస్ లాంటి మెత్తటి చెట్ల పెల్లెట్లు ఏమాత్రం తక్కువ కావు. వాటిలో లిగ్నిన్, జిగురు ఎక్కువ కాబట్టి కిలోకు వచ్చే వేడి ఓక్, బీచ్‌లకన్నా కాస్త ఎక్కువే.

ఎప్పుడు, ఎలా కొనాలి?

మామూలు సంవత్సరాల్లో వసంతం చివర, వేసవి మొదట్లో ధరలు తక్కువగా ఉంటాయి. చలి ముదిరాక పెరుగుతాయి. చోటు ఉంటే ముందే కొనండి. అయితే పెల్లెట్ ధర చలి మీదే ఆధారపడదు. ముడిసరుకులో ఎక్కువ భాగం సామిల్లు పొట్టు. ఇళ్ల నిర్మాణం మందగిస్తే కోత తగ్గుతుంది, కోత తగ్గితే పొట్టు తగ్గుతుంది. నిర్మాణ రంగం వార్తలు మీ స్టవ్‌కూ సంబంధించినవే.

ప్యాలెట్ లెక్కన కొంటే సంచులు లెక్కపెట్టుకోండి. చెక్క పలక మీద పేర్చిన ఆ దొంతరను టన్ను అని మాటవరసకు అంటారు. కానీ 65 సంచులుంటే 975 కిలోలే. ఇద్దరు అమ్మకందార్లను పోల్చేటప్పుడు కిలో ధరకు, అదీ పన్ను, రవాణా కలిపి పోల్చండి.

పన్ను కూడా దేశాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. జర్మనీలో పెల్లెట్ల మీద తక్కువ రేటైన 7 శాతం వ్యాటే ఉంది. ఇటలీలో 22 శాతం ఉండేది. సంక్షోభం వల్ల 2023లో 10 శాతానికి తగ్గించారు. ఆ తగ్గింపును 2024 జనవరి, ఫిబ్రవరి నెలలకు పొడిగించి, తర్వాత మళ్లీ 22 శాతానికి తెచ్చారు.

ఆన్‌లైన్‌లో కొంటే చిరునామా, ఫోన్ నంబరు, కంపెనీ రిజిస్ట్రేషన్ వివరాలు చూడండి. మొత్తం డబ్బు ముందే బ్యాంకు బదిలీ చేయమంటే ఆగండి. సరుకు దిగాక బిల్లు కట్టే పద్ధతి ఇచ్చే స్థానిక డీలరు కాస్త ఎక్కువ అడిగినా మేలు.

ప్రాణాల మీదికి తెచ్చేది ఏది?

ఇక్కడిదాకా చెప్పింది డబ్బు గురించి. ఇప్పుడు చెప్పేది అంతకన్నా ముఖ్యం.

తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని, తెల్లారేసరికి చనిపోయినవారి వార్తలు ఉత్తరాది నుంచి చలికాలంలో మనం చదువుతూనే ఉంటాం. కారణం కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. పెల్లెట్ స్టవ్ పొగను గొట్టం ద్వారా బయటికి పంపుతుంది కాబట్టి కుంపటితో పోలిస్తే చాలా సురక్షితం. కానీ గొట్టం మసితో మూసుకుపోయినా, తలుపు రబ్బరు అరిగిపోయినా ఆ విషవాయువు గదిలోకి రావచ్చు. నాసిరకం పెల్లెట్లు మసిని త్వరగా పెంచుతాయి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. మండకుండా నిల్వ ఉన్న పెల్లెట్ల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. చెక్కలోని కొవ్వు పదార్థాలు గాలితో కలిసినప్పుడు ఇది పుడుతుంది. తయారైన మొదటి వారాల్లో ఎక్కువ. టన్నుల కొద్దీ పెల్లెట్లు నింపే మూసిన గదుల్లోకి దిగి జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో 2010, 2011లో మనుషులు చనిపోయారు. ఇంట్లో నాలుగు సంచులుంటే ఆ స్థాయి ప్రమాదం లేదు. అయినా పడకగదిలో, గాలి ఆడని చిన్న గదిలో దొంతర పెట్టకండి. అపార్టుమెంటులో పెద్ద నిల్వ గది ఉంటే పిల్లలను అటు పోనివ్వకండి. లోపలికి వెళ్లాల్సి వస్తే తలుపు తెరిచి కనీసం 15 నిమిషాలు ఆగి, బయట ఇంకొకరిని ఉంచి వెళ్లండి.

స్టవ్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి. పొగ అలారం దీన్ని పసిగట్టలేదు. రెండూ వేర్వేరు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం ఇంట్లో అందరికీ ఒకేసారి మొదలైతే జలుబు అనుకోకండి. వెంటనే అందరూ బయటికి వచ్చి 112కు ఫోన్ చేయండి. యూరోపియన్ యూనియన్ దేశాలన్నింటిలో అత్యవసర నంబరు అదే.

చిమ్నీ అధికారిని అడగండి

జర్మనీలో మీకు అందుబాటులో ఉన్న ఒక ప్రజాసేవను చాలామంది కొత్తవారు పట్టించుకోరు. ప్రతి ప్రాంతానికీ ప్రభుత్వం నియమించిన చిమ్నీ తనిఖీ నిపుణుడు ఉంటారు. అక్కడి భాషలో షోర్న్‌స్టైన్‌ఫేగర్ అంటారు. కొత్త స్టవ్ పెడితే ఆయన చూసి సరేనన్నాకే వెలిగించాలి. ఆ తర్వాత ఏడేళ్ల వ్యవధిలో రెండుసార్లు ఇంట్లోని పొయ్యిలన్నీ తనిఖీ చేస్తారు. చిన్న పొయ్యిలలో ఏ ఇంధనం వాడొచ్చో చెప్పే నిబంధన కూడా అక్కడుంది. ప్రమాణానికి తగని పెల్లెట్లు కాల్చడం నిబంధన ఉల్లంఘనే.

అపాయింట్‌మెంట్ చీటీ వస్తే దాన్ని పక్కన పడేయకండి. ఆయన వచ్చినప్పుడు మీరు వాడే సంచిని చూపించి అడగండి. గొట్టంలో మసి ఎలా ఉందో చూసి, పెల్లెట్లు ఎలాంటివో ఆయన చెప్పగలరు. అద్దె ఇంట్లో ఉంటే స్టవ్ పెట్టడానికి, మార్చడానికి యజమాని అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకోండి.

అమెరికాలో అయితే?

అమెరికాలో సంచి 40 పౌండ్లు, అంటే సుమారు 18 కిలోలు. అక్కడ పెల్లెట్ ఫ్యూయెల్స్ ఇన్‌స్టిట్యూట్, అంటే పీఎఫ్‌ఐ గుర్తు చూడాలి. ప్రీమియం తరగతిలో బూడిద 1 శాతం, స్టాండర్డ్‌లో 2 శాతం మించకూడదు. పర్యావరణ సంస్థ ఈపీఏ 2015లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొత్త పెల్లెట్ హీటర్లలో గ్రేడింగ్ ఉన్న పెల్లెట్లనే వాడాలి. పీఎఫ్‌ఐతోపాటు ఈఎన్‌ప్లస్, కెనడా గుర్తు క్యాన్‌ప్లస్‌లను కూడా అది గుర్తిస్తుంది. సంచి మీద ప్రీమియం అన్న మాట ఒక్కటే ఉంటే సరిపోదు. దాని పక్కన పీఎఫ్‌ఐ గుర్తు ఉండాలి.

మన దగ్గర దొరికే పెల్లెట్లు వాడొచ్చా?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇళ్లను వేడిచేసుకునే అవసరం పెద్దగా లేదు. కానీ పెల్లెట్ అనే మాట ఇక్కడా వినిపిస్తోంది. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాల్లో బయోమాస్ పెల్లెట్లు కలిపి మండించాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో విధానం ప్రకటించింది. బాయిలర్లకు, హోటల్ వంటశాలలకు కూడా ఇవి అమ్ముతున్నారు.

వీటిలో చాలా వరకు పంట వ్యర్థాలతో చేసినవి. వేరుశనగ పొట్టు, పత్తి కట్టె, వరి ఊక లాంటివి. చెక్కతో వీటికి పోలిక లేదు. ఉదాహరణకు వరి ఊకలో బూడిదే 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. ఏ1 పరిమితి 0.7 శాతం అని గుర్తు చేసుకోండి. పెద్ద బాయిలర్ తట్టుకునే సరుకును ఇంటి స్టవ్ తట్టుకోలేదు. చలి ప్రాంతంలో రిసార్టుకో, ఇంటికో పెల్లెట్ హీటర్ తెప్పించుకునే ఆలోచన ఉంటే, ముందు చెక్క పెల్లెట్లు నిలకడగా ఎక్కడ దొరుకుతాయో తేల్చుకుని తర్వాతే స్టవ్ కొనండి. అమ్మకందారును తేమ, బూడిద, వేడి విలువలతో కూడిన ల్యాబ్ రిపోర్టు అడగండి. పొగగొట్టం బయటికి లేని గదిలో మాత్రం ఏ పెల్లెటూ కాల్చొద్దు.

కొనేముందు ఒక్కసారి సరిచూసుకోండి

• సంచి మీద ఏ1 తరగతి, ఈఎన్‌ప్లస్ లేదా డిన్‌ప్లస్ గుర్తు, నంబరు మూడూ ఉన్నాయా?

• ఆ నంబరును వెబ్‌సైట్‌లో వెతికారా?

• మందం మీ స్టవ్ మాన్యువల్‌లో చెప్పినంతేనా?

• ఒక సంచి కాల్చి చూశాకే పెద్ద మొత్తం కొంటున్నారా?

• కిలో ధర లెక్క వేశారా? బిల్లు తీసుకున్నారా?

• తడి తగలని, గాలి ఆడే చోటు సిద్ధంగా ఉందా?

• స్టవ్ గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందా?

వీటిలో చివరి ప్రశ్నకు "లేదు" అన్నది మీ జవాబైతే, ముందు అలారం తెచ్చుకోండి. పెల్లెట్లు రేపు కొనొచ్చు. చలిదేశంలో మీవాళ్లుంటే ఈసారి వీడియో కాల్‌లో ఆ సంచిని ఒకసారి కెమెరా ముందు పెట్టమనండి. గుర్తు కింద నంబరు ఉందో లేదో ఇక్కడి నుంచి మీరూ చూడొచ్చు.